అర్థం తెలియకుండా చదివితే ఫలితం ఉండదా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. దేవుడి మీద నమ్మకం ఉంటే చాలదా, పుస్తకాలు కూడా చదవాలా, చదువుకున్నవాళ్ళకేనా శాస్త్రం అర్థమయ్యేది అని. కొందరు బాధతో రాశారు, కొందరు కోపంతో. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే చోటిచ్చాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి శనివారం పదిమంది ఆడవాళ్ళం కూర్చుని విష్ణు సహస్రనామం చదువుతాం. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. సంస్కృతం రాదు, సుబ్బులక్ష్మి గారి క్యాసెట్ విని విని నేర్చుకున్నాను. ఈమధ్య కొత్తగా చేరిన ఒకావిడ, బాగా చదువుకున్నావిడే, అందరి ముందూ నన్ను ఆపి "ఇలా తప్పులు చదివితే పుణ్యం సంగతి అలా ఉంచి పాపం చుట్టుకుంటుంది" అన్నారు. ఆ రోజు నుంచి నోరు తెరవాలంటే టెన్షన్. వెళ్ళడం మానేశాను. తప్పుగా చదవడం కంటే మానేయడమే నయమా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మానొద్దమ్మా. ముందు వచ్చే శనివారం వెళ్ళి మీ చోట మీరు కూర్చోండి, మిగతా జవాబు ఆ తర్వాత చదువుకున్నా ఫరవాలేదు.

పారాయణ అయిపోయాక చివర్లో మీరంతా కలిసి చదివే శ్లోకం ఒకటుంది, గుర్తు తెచ్చుకోండి. "యదక్షర పదభ్రష్టం మాత్రాహీనం తు యద్భవేత్, తత్సర్వం క్షమ్యతాం దేవ నారాయణ నమోస్తు తే." అక్షరం జారినా, పదం తప్పినా, మాత్ర తగ్గినా అదంతా క్షమించు స్వామీ అని. ఇది పదో తరగతి చదివినవాళ్ళ కోసం విడిగా పెట్టిన శ్లోకం కాదు. వేదపండితులు కూడా ఇదే చదివి పీట మీంచి లేస్తారు. వెయ్యి నామాలు చదివేటప్పుడు ఎక్కడో ఒక చోట నాలుక తడబడుతుందని వాళ్ళకీ తెలుసు.

ఇక ఆవిడ చెప్పిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆవిడ పూర్తిగా లేనిది చెప్పలేదు, ఒక చోటి నియమాన్ని ఇంకో చోటికి తెచ్చారు. వేదమంత్రానికి స్వరం ఉంది. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం, అంటే గొంతు ఎత్తి, దించి, రెండూ కలిపి పలికే తీరులు. స్వరం మారితే అర్థం తిరగబడుతుందని చెప్పడానికి పెద్దలు త్వష్ట కథ చెబుతారు. కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపాడన్న కోపంతో, ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేశాడు. "ఇంద్రశత్రుః" అన్న మాటని ఎక్కడ ఎత్తి పలకాలో అక్కడ పలకకుండా మొదట్లో ఎత్తి పలికాడు. దాంతో "ఇంద్రుణ్ణి చంపేవాడు" కావలసింది "ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు" అయింది. వృత్రాసురుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలోనే పోయాడు. అందుకే వేదం గురువు ఎదుట కూర్చుని ఏళ్ళ తరబడి నేర్చుకోవాలంటారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కానీ విష్ణు సహస్రనామం భారతంలోది, అనుశాసన పర్వంలోది. అంపశయ్య మీద ఉన్న భీష్ముణ్ణి ధర్మరాజు అడుగుతాడు, "కిం జపన్ముచ్యతే జంతుః" అని. ఏది జపిస్తే జంతువు ఈ సంసారబంధం నుంచి బయటపడుతుంది? జంతువంటే ఇక్కడ పుట్టిన ప్రతి ప్రాణీ. పండితుడు ఏం జపించాలి అని అడగలేదు ధర్మరాజు. ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చిన నామాల్ని చదవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పాత శ్లోకం ఒకటి పెద్దలు చెబుతుంటారు. తెలియనివాడు "విష్ణాయ నమః" అంటాడు, తెలిసినవాడు "విష్ణవే నమః" అంటాడు, ఇద్దరికీ పుణ్యం సమానమే, జనార్దనుడు భావాన్ని తీసుకుంటాడు అని. రామాయ, కృష్ణాయ అన్న నోటికి విష్ణాయ అని రావడం సహజమే కదా.

అయితే అమ్మా, ఇక్కడితో ఆపేస్తే మీకు సగమే చెప్పినట్టు. క్షమిస్తాడని తెలిసీ నేర్చుకోకపోవడం వేరు, నేర్చుకుంటూ తప్పడం వేరు. "అమృత్యుః సర్వదృక్ సింహః" అని ఒక పాదం వస్తుంది. తొందరలో మొదటి "అ" మింగేస్తే మరణం లేనివాడు కాస్తా మృత్యువు అయిపోతాడు. మృత్యువు కూడా ఆయనే అని సర్దుకోవచ్చు గానీ, అక్కడ వ్యాసుడు అన్నది అది కాదు. అలాగే మన నోట భ, ధ లు బ, ద లుగా వచ్చేస్తుంటాయి, నాకూ వస్తాయి. వారానికి ఒక్క శ్లోకం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుని వంటగదిలో అంటించుకోండి. ఆ చదువుకున్నావిడనే అడగండి, "అమ్మా, ఈ శ్లోకం ఒక్కటి నాకు పలికించండి" అని. ఆవిడ పదిమంది ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పి ఉంటే ఈ ఉత్తరం వచ్చేదే కాదు, అది మాత్రం ఆవిడ తప్పే.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ళుగా భగవద్గీత మూడు వ్యాఖ్యానాలతో చదువుతున్నాను. మా అమ్మ ప్రతి మంగళవారం హనుమంతుడి గుడిలో 108 ప్రదక్షిణలు చేస్తుంది, హనుమాన్ చాలీసా చదువుతుంది. ఒక్క ముక్కకీ అర్థం తెలియదు. చెబుతానంటే "నాకెందుకు నాన్నా, ఆయనకి తెలుసుగా" అంటుంది. నాకు చిరాకు. ఆలోచించలేని వాళ్ళ కోసమేనా భక్తి?
– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్

జవాబు: బాబూ, మీ వైపు మాట్లాడే మాట ముందు చెబుతాను. వేదంలోని మాటలకి అర్థం విప్పే పాత గ్రంథం, యాస్కుడి నిరుక్తంలో ఉంది. వేదం చదివి అర్థం తెలుసుకోనివాడు బరువు మోసే మొద్దు లాంటివాడు అని. ఇంత గట్టిగా అన్నది మన సంప్రదాయమే. కాబట్టి అర్థం కావాలనుకోవడం మీ కొత్త చదువుల వల్ల వచ్చిన తెగులు అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు రెండో వైపు. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళ్తాడు. నీకేం తెలుసో చెప్పు, ఆ పైది నేను చెబుతాను అంటాడు సనత్కుమారుడు. నారదుడు జాబితా చదువుతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్ర విద్య, సర్పవిద్య దాకా. అంతా చెప్పి, "నేను మంత్రాలు తెలిసినవాణ్ణే గానీ ఆత్మ తెలిసినవాణ్ణి కాదు, నేను దుఃఖంలో ఉన్నాను, నన్ను ఆవలి ఒడ్డుకు చేర్చు" అంటాడు. అంత చదివిన మనిషి దుఃఖంలో ఉన్నానని ఒప్పుకోవడం చూడండి. నాకు ఆ మాట దగ్గర ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

మీ చేతిలో ఉన్న గీతలోనే పద్దెనిమిదో అధ్యాయం చివరికి వెళ్ళండి. 70వ శ్లోకంలో కృష్ణుడు ఈ సంవాదాన్ని అధ్యయనం చేసేవాడు జ్ఞానయజ్ఞంతో నన్ను పూజించినట్టే అన్నాడు. అది మీకు. వెంటనే 71లో, శ్రద్ధతో, అసూయ లేకుండా, ఊరికే విన్నవాడు కూడా విముక్తుడై పుణ్యలోకాలు చేరతాడన్నాడు. అది మీ అమ్మగారికి. రెండు శ్లోకాల మధ్య ఒక్క మాట ఎడం కూడా పెట్టలేదు ఆయన. ఒకటి గమనించండి, "అసూయ లేకుండా" అన్న షరతు వినేవాడికే పెట్టాడు గానీ, చదివేవాళ్ళకి అది అక్కర్లేదని నేను అనుకోను.

మా అమ్మమ్మ సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తి చేయలేను. ఆమెకి చదువు రాదు, వేలిముద్రే. వాళ్ళ నాన్న చదువుతుంటే విని గజేంద్ర మోక్షం పద్యాలు ముప్ఫై దాకా నోటికి పట్టింది. పొద్దున్నే చల్ల చిలికేటప్పుడు కవ్వం తాడు అటొకసారి ఇటొకసారి లాగుతూ ఆ ఊపులోనే "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల" అనేది. నేను కాలేజీలో తెలుగు చదువుతున్న రోజులు, టీక, అంటే పదాల అర్థాలు చెప్పే వివరణ, చూసిన ధీమా. "అమ్మమ్మా, దాపల అంటే దగ్గర అని అర్థం" అన్నాను. కవ్వం ఆపి నా వైపు చూసింది. "దాపల అంటే ఎడమ పక్కరా. దాపటెద్దు ఎటు కడతాం? ఎడమ పక్కన. వలపటెద్దు కుడి పక్కన. ఆ మాత్రం తెలియదూ?" అంది. సాయంత్రం నిఘంటువు తీసి చూస్తే ఎడమ పక్క అన్న అర్థం అక్కడ ఉంది. నా టీకలో లేని అర్థం ఎద్దుల కాడి దగ్గర దొరికింది.

కానీ అదే పద్యంలో "మందార వనాంతరామృత సరః ప్రాంతేందుకాంతోపలోత్పల పర్యంక రమావినోది" అన్న సమాసం ఆమెకి ఒట్టి శబ్దమే, అరవై ఏళ్ళుగా. ఆ రోజే అడిగింది, "అదేంట్రా మరి" అని. మందార వనం లోపల అమృత సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంత శిలలు, వాటి మీద కలువల పాన్పు, ఆ పాన్పు మీద లక్ష్మీదేవితో వినోదంగా ఉన్నాడు స్వామి అని విడదీసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే అమ్మవారితో సరదాగా ఉన్నవాడు ఏనుగు పిలిచిందని మధ్యలో లేచొచ్చేశాడా" అంది. పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. అన్నేళ్ళూ ఆమె భక్తిలో లోటేమీ లేదు, కానీ ఆ రోజు వచ్చిన కన్నీళ్ళు అర్థం తెలిశాకే వచ్చాయి. రెండూ నా కళ్ళ ముందే జరిగాయి కాబట్టి ఏ ఒక్కటీ అక్కర్లేదని అనలేను.

ధూర్జటి పద్యం మీకు తెలిసే ఉంటుంది. "ఏ వేదంబు పఠించె లూత, భుజగం బే శాస్త్రముల్ సూచె" అని మొదలవుతుంది. సాలెపురుగు ఏ వేదం చదివింది, పాము ఏ శాస్త్రం చూసింది, ఏనుగు ఏ విద్య నేర్చింది, చెంచువాడు ఏ మంత్రం ఊహించాడు, జ్ఞానం పుట్టడానికి చదువులా కారణం, కాదు, నీ పాదసేవ మీది ఆసక్తే అంటాడు శ్రీకాళహస్తీశ్వరుడితో. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు, అక్కడ శివుణ్ణి కొలిచి తరించిన ముగ్గురూ ఊరి పేరులోనే ఉన్నారు. చదువు అక్కర్లేదన్న ఈ మాటని ధూర్జటి శార్దూల వృత్తంలో, యతీ ప్రాసా తప్పకుండా చెప్పాడు. లూత అంటే సాలెపురుగని ఎవరో ఒకరు చెబితేగానీ పద్యం మనకి అందదు. చదువుని తృణీకరించిన మనిషి మాట కాదిది, బాగా చదువుకుని దాని హద్దు ఎక్కడో చూసిన మనిషి మాట. మీరు కూడా అంత దూరం చదవండి.

బెంగాల్ కృష్ణభక్తుడు చైతన్య మహాప్రభువు చరిత్రలో శ్రీరంగం ఘట్టం ఒకటుంది. గుడిలో ఒక బ్రాహ్మణుడు రోజూ కన్నీళ్ళు కారుస్తూ గీత తప్పుల తడకగా చదువుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. చైతన్యుడు వెళ్ళి, ఏం అర్థమై ఇంత కన్నీరు పెడుతున్నారు అని అడిగాడు. నాకు అర్థం తెలియదు స్వామీ, మా గురువుగారు చదవమన్నారు, చదువుతుంటే అర్జునుడి రథం మీద పగ్గాలు పట్టుకున్న కృష్ణుడు కనిపిస్తాడు అన్నాడాయన. గీత చదివే అధికారం నీకే ఉంది అని చైతన్యుడు కౌగిలించుకున్నాడు. ఈ చైతన్యుడు యువకుడిగా నవద్వీపంలో వ్యాకరణం చెప్పిన పండితుడు. ఆయనకి ఆ తప్పులు వినపడక కాదు. ఆ యాత్రలోనే మన గోదావరి ఒడ్డున రామానంద రాయలతో కూర్చుని భక్తి తత్త్వం మీద ప్రశ్న మీద ప్రశ్న వేసి, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని లోతులు తవ్వించుకున్నది కూడా ఆయనే.

ఈ మంగళవారం సెలవు పెట్టో, పని తర్వాతో, అమ్మతో గుడికి వెళ్ళండి. అర్థం చెప్పడానికి కాదు. తిరిగేటప్పుడు నీకేం కనిపిస్తుందమ్మా అని అడగండి.

ప్రశ్న: రిటైరై మూడేళ్ళయింది. ఒక సత్సంగంలో చేరాను. అక్కడి గురువుగారు పుస్తకాలు చదవొద్దంటారు. "శంకరాచార్యులే చెప్పారు, వ్యాకరణం రక్షించదు, గోవిందుణ్ణి భజించు అని. ప్రశ్నలు అహంకారం" అంటారు. రిటైర్మెంట్ డబ్బులో కొంత ఆశ్రమానికి ఇమ్మన్నారు. దేనికి వాడతారని అడిగితే "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన, ఇచ్చాక ఫలం అడక్కూడదు" అన్నారు. నిజమేనా? అడగడం నా తప్పా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తప్పు కాదండీ. ఇంకా గట్టిగా అడగండి.

భజగోవిందం కథ మనందరికీ తెలిసిందే. కాశీలో ఒక ముసలాయన "డుకృఞ్ కరణే" అని ధాతువు వల్లె వేస్తుంటే శంకరులు చూసి జాలితో పాడారని సంప్రదాయం చెబుతుంది. డుకృఞ్ అంటే చేయడం అన్న అర్థం గల ధాతువు, పాణిని వ్యాకరణం నేర్చుకునేవాళ్ళు వల్లె వేసేది. ఆ శ్లోకంలో ఇంకో ముక్క ఉంది, దాన్ని జనం వదిలేస్తారు. "సంప్రాప్తే సన్నిహితే కాలే", చావు దగ్గరికి వచ్చినప్పుడు అని. ఆ మాట ఆ వయసులో ఉన్న ఆ మనిషికి చెప్పింది. చెప్పినాయన ఉపనిషత్తులకీ, గీతకీ, బ్రహ్మసూత్రాలకీ భాష్యాలు రాసినాయన. ఆ భాష్యాల్లో ఒక్కొక్క ప్రత్యయానికీ వ్యాకరణం విప్పినాయన. పైగా అదే భజగోవిందంలో "భగవద్గీతా కించిదధీతా" అని ఉంది. గీత కొంచెమైనా అధ్యయనం చేసినవాడికి యముడితో గొడవ ఉండదని. పుస్తకం వద్దన్న స్తోత్రంలో పుస్తకం చదవమని ఎందుకుంటుంది?

ప్రశ్న అహంకారం అన్న మాటకి గీతే జవాబు. నాలుగో అధ్యాయం 34వ శ్లోకం, "తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా." సాష్టాంగపడి, అన్ని వైపుల నుంచీ ప్రశ్నించి, సేవ చేసి తెలుసుకో అని. నమస్కారానికీ సేవకీ నడుమ ప్రశ్నని కూర్చోబెట్టాడు. అర్జునుడు అడగకపోతే గీతే లేదు. అంతా చెప్పాక కృష్ణుడు ఏమన్నాడు? "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు." దీన్నంతా బాగా విచారించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి. సాక్షాత్తూ భగవంతుడు ఆలోచించుకోమని వదిలిపెట్టిన చోట, ఒక మనిషి ఆలోచించొద్దంటే నేనైతే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేస్తాను.

భక్తి గురించి నారదుడి పేరుతో ఉన్న సూత్రాల్లోనూ వాదాలు పెట్టుకోవద్దు అని ఒక సూత్రం, ఆ దగ్గర్లోనే భక్తిశాస్త్రాలు మననం చేయాలి అని ఇంకో సూత్రం ఉన్నాయి. వాదం వద్దంటే చదువు వద్దని కాదు.

ఇక డబ్బు. "కర్మణ్యేవాధికారస్తే" శ్లోకానికి నాలుగు పాదాలున్నాయి, అందరూ రెండు చదివి ఆపేస్తారు. చివరి పాదం "మా తే సంగోస్త్వకర్మణి", పని చేయకుండా ఉండడం మీద నీకు మక్కువ కలగకూడదు అని. అది యుద్ధం మానేస్తానన్న మనిషికి చెప్పిన మాట, లెక్క అడిగిన మనిషికి చెప్పింది కాదు. దానం గురించి గీత విడిగా చెప్పింది, పదిహేడో అధ్యాయం 20వ శ్లోకం. తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగిన పాత్రుడికి ఇచ్చేది సాత్త్విక దానం. పాత్రుడా కాదా అని చూడాలంటే అడగాలి కదా. అది ఆశ కాదు, శాస్త్రం మీకు పెట్టిన బాధ్యత. చదువు లేకపోతే మోక్షం రాదని నేను అనను, కానీ ఇలాంటి చోట ఒక్క శ్లోకం పూర్తిగా తెలిసి ఉంటే ఇల్లు గుల్లకాదు. ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

గురువు ఎలా ఉండాలో ముండకోపనిషత్తు రెండే మాటల్లో చెప్పింది. శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు. శాస్త్రం చదివినవాడూ అయి ఉండాలి, అందులో నిలిచినవాడూ అయి ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేనివాణ్ణి వెతుక్కోమనలేదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఉపనిషత్తుల క్లాసులో చేరతానంటే మా ఇంట్లో పెద్దవాళ్ళు "ఆడపిల్లవి, దీపం పెట్టుకుని లలితా సహస్రనామం చదువుకో, చాలు" అంటున్నారు. భక్తి మాకు, జ్ఞానం వాళ్ళకా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: తల్లీ, నీకు అబద్ధం చెప్పను. స్త్రీలకీ, శూద్రులకీ వేదం చెవిన పడదు కాబట్టి వ్యాసుడు దయతో భారతం రచించాడని భాగవతంలోనే ఉంది. భక్తి తేలిక మార్గం అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో, చాలామందికి జ్ఞానం అనే రెండో తలుపు మూసి ఉండడం కూడా ఒక కారణం. అది దాచిపెట్టి "మీకు భక్తి చాలు" అనడం న్యాయం కాదు.

ఇంకో వైపు చూడు. బృహదారణ్యకోపనిషత్తులో జనకుడి సభ. యాజ్ఞవల్క్యుణ్ణి గార్గి ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతుంటే ఆయన "ఇక ఎక్కువ అడక్కు, తల రాలిపోతుంది" అన్నాడు. ఆమె అప్పటికి ఊరుకుంది. తర్వాత మళ్ళీ లేచింది. ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాను, వీటికి జవాబిస్తే ఈయన్ని ఎవరూ గెలవలేరు అని సభకి చెప్పి మరీ వేసింది. అక్షరతత్త్వం, అంటే నాశనం లేని బ్రహ్మం, గురించి ఆ ఉపనిషత్తులో ఉన్న గొప్ప మాటలు ఆ రెండోసారి లేచినందుకు వచ్చినవే. మైత్రేయి, ఆస్తి పంచి ఇస్తానన్న భర్తతో, నన్ను అమృతురాలిని చేయనిదాంతో నేనేం చేసుకోను అంది.

మన దగ్గరికి వస్తే, మొల్ల తనకి శాస్త్రాలేవీ రావని రామాయణం మొదట్లో వినయంగా చెప్పుకుంది, ఆ పద్యాలు చూస్తే రానిదేమిటో మనకి కనిపించదు. తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే వితంతువు, ఊళ్ళో వేధింపులు పడి తిరుమల చేరింది. ఆమె ఒట్టి కీర్తనలు పాడి ఊరుకుందా? ద్విపద భాగవతం రాసింది, వాసిష్ఠ రామాయణం రాసింది. అది అచ్చమైన అద్వైతం, మగ పండితులకే కొరుకుడుపడని వేదాంతం. ఈనాటికీ తిరుమలలో ఏకాంత సేవ వేళ ఆమె పేరున ముత్యాల హారతి ఇస్తారు. మీ పెద్దవాళ్ళకి ఆమె పేరు చెప్పు. దీపం పెట్టి లలితా చదువుకుని, చదువుకున్నాక క్లాసుకి వెళ్ళు. లలితలో "జ్ఞానదా" అని ఒక నామం ఉంది, జ్ఞానం ఇచ్చే తల్లి అని. రోజూ ఆ మాటతో పిలుస్తూ, ఆవిడ ఇవ్వబోతే వద్దనడం బాగోదు కదా.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్ళు. శ్లోకాలు నేర్పిస్తుంటే "మీనింగ్ ఏంటి" అని అడుగుతుంది, నాకే తెలియదు. అర్థం లేకుండా బట్టీ పట్టించడం తప్పా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: తప్పు కాదు. ఆరేళ్ళ వయసులో ఎక్కింది అరవైలో కూడా దిగదు, అర్థం తర్వాత వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. కానీ పాప అడిగింది కాబట్టి ఇక దాటేయకండి, "నాకూ తెలియదు, రేపు ఇద్దరం కలిసి చూద్దాం" అని చెప్పి నిజంగా చూడండి.

త్యాగరాజ స్వామి "తెలిసి రామ చింతనతో నామము సేయవే ఓ మనసా" అన్నారు. తెలిసి అని మొదలుపెట్టారు. అర్కమంటే జిల్లేడు చెట్టూ అవుతుంది, అర్కుడంటే సూర్యుడూ అవుతాడు, ఏ తలపుతో అంటున్నావో చూసుకో అని మనసుకి ఒక నిఘంటువు పాఠమే చెప్పారు అందులో. మీ పాపకి ఆ పాట వినిపించి, జిల్లేడు పువ్వు బొమ్మా సూర్యుడి బొమ్మా పక్కపక్కన గీయించండి.

ప్రశ్న: ఇవన్నీ చదివే ఓపిక లేదు, వయసు 58. ఎక్కడ మొదలుపెట్టాలి? సంస్కృత భాగవతమా, పోతనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పోతన. ఆలోచించకండి.

బమ్మెర పోతన అంటే మనకి "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట" గుర్తొస్తుంది, అంతా రాముడే పలికించాడు, ఆయన ఊరికే చెయ్యి కదిపాడు అనుకుంటాం. కానీ ఆ దగ్గర్లోనే ఇంకో పద్యం ఉంది. భాగవతం తెలిసి పలకడం శివుడికైనా బ్రహ్మకైనా కష్టం, "విబుధజనుల వలన విన్నంత కన్నంత తెలియవచ్చినంత తేటపరతు" అన్నాడు. పండితుల దగ్గర విన్నంత, నేను చూసినంత, నాకు తెలిసినంత వివరిస్తాను అని. అంతటి భక్తుడు విన్నాడు, చూశాడు, తెలుసుకున్నాడు, తెలియని మేర వదిలేశాడు. మీకూ నాకూ అంతకంటే వేరే దారి వెతకాల్సిన పని లేదు.

అష్టమ స్కంధంలో గజేంద్ర మోక్షం తెరవండి. టీకా తాత్పర్యాలున్న ప్రతి తెచ్చుకోండి. రాత్రి భోజనాలయ్యాక ఒక్క పద్యం, పైకి వినపడేలా, ముందు రెండుసార్లు ఊరికే చదవండి, అప్పుడు టీక చూడండి, మళ్ళీ ఒకసారి చదవండి. "లావొక్కింతయు లేదు" దగ్గర మొదలుపెట్టినా సరే. అక్కడ లావు అంటే బలం, ఒళ్ళు కాదు. వెయ్యేళ్ళు మొసలితో పెనుగులాడిన ఏనుగు, ఇక నా వల్ల కాదు, నువ్వే రా అంటోంది.